లంక రైఫిల్‌కి తూటా

ముప్పై నాలుగేళ్లు జిల్లా పోలీసు ఆయుధాగారంలో పనిచేశాను. ఆ ఉద్యోగాన్ని ఆర్మరర్ అంటారు. తుపాకులు విప్పి తుడవడం, విరిగిన స్ప్రింగులు మార్చడం, కేసుల్లో పట్టుబడ్డ ఆయుధాలు స్టేషన్ల నుంచి వస్తే అవి పనిచేస్తాయో లేదో చూసి రాసివ్వడం. ఇంతే పని. రిటైరైన రోజు శాలువా కప్పి, ఎన్నో కేసుల్లో కీలకపాత్ర పోషించారని మైకులో చెప్పారు. ఏ కేసులో ఏ పాత్రో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి. ఫైరింగ్ రేంజిలో నిలబడి నిలబడి కుడి చెవి సగం పోయింది. ఎప్పుడు ఇంటికెళ్లి పడుకుందామా అనే ఉంది.

ఈమధ్య కోర్సు పూర్తిచేసి ఇదే పనిలో చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. పుస్తకాల్లో లేనివేమైనా ఉంటే రాసిపెట్టండి సార్ అంది. తుపాకీ గురించి తెలియాల్సినదంతా పుస్తకాల్లో ఉందమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆలోచించాను. తుపాకీ వెనకాల ఉన్న మనిషి గురించి ఆ పుస్తకాల్లో ఉండదు. దాని గురించి నేను చెప్పగలిగినవి రెండు సంగతులు. రెండూ నా తప్పులే. మొదటిది తప్పని అదే రోజు తెలిసింది. రెండోది తప్పని తెలియడానికి ఏళ్లు పట్టింది.

వెంకన్న కన్ను

అప్పట్లో స్టేషన్ల ముందు కాపలా ఉండే వాళ్లకి 410 మస్కెట్ ఇచ్చేవాళ్లం. పాత 303 రైఫిల్‌కి గొట్టం మార్చి తయారుచేసిన తుపాకీ అది. రెండూ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉంటాయి. తేడా అంతా లోపల ఉంటుంది. రైఫిల్ గొట్టంలో మెలి తిరిగిన గాడులుంటాయి, మస్కెట్ గొట్టం నున్నగా ఉంటుంది. ఒకదాని తూటా ఇంకోదానిలో పెట్టకూడదు. ఇబ్బంది ఏంటంటే, పడుతుంది.

నేను చేరిన ఏడో ఏడు, సాలుకోసారి జరిగే ఫైరింగ్ ప్రాక్టీసుకి తుపాకులు వేరుచేస్తున్నాను. పక్కన కొట్టిన ముద్రలు చదువుకుంటూ వరసలు పెట్టాను. ఒక మస్కెట్‌కి గొట్టం మార్చినప్పుడు పాత 303 ముద్ర చెరపలేదు. అది రైఫిళ్ల వరసలోకి పోయింది. గొట్టంలోకి ఒక్కసారి చూసుంటే తెలిసేది. చూడలేదు. అది వెంకన్న అనే కానిస్టేబుల్ చేతికి వచ్చింది. తూటా లోపలే చీలిపోయి మంట వెనక్కి కొట్టింది. ఎడమ కన్ను పోయింది.

మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ సుబ్బరాజు గారు చెడ్డమనిషి కాదు. ఇనుము అరగదీసే ఆకురాయి పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. ఆ సాయంత్రం నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"తూటాలో లోపం అని రాయి" అన్నారు.

"నాదేనండి తప్పు. నేను గొట్టం చూడలేదు."

"తెలుసు. నీ ఉద్యోగం పోతే వాడి కన్ను తిరిగొస్తుందా? రాయి."

రాశాను. వెంకన్నకి గేటు దగ్గర తేలికపాటి డ్యూటీ ఇచ్చారు. ఇరవై ఏళ్లు రోజూ ఆ గేటు దాటి లోపలికెళ్లాను. అతను రోజూ సెల్యూట్ కొట్టేవాడు. "నా ఖర్మకి చెడ్డ రౌండు తగిలింది సార్" అని ఎవరితోనో అంటుంటే ఎన్నోసార్లు విన్నాను. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. అతను చనిపోయాక ఇక ఆ అవసరం లేకపోయింది.

ఆ రోజు నుంచి ముద్ర చూసి తుపాకీ పేరు రాయడం మానేశాను. గొట్టం చూసి, కొలిచి, అచ్చు తీసి, దాని తూటా పట్టుకుని, కాల్చి చూసి గానీ రాయలేదు. నన్ను చాదస్తుడనేవారు. ఆ చాదస్తమే రెండో తప్పుకి దారి తీసింది.

గోనె మూట

తొంభైల చివర్లో ఒక ఏడాది గోదావరికి పెద్ద వరద వచ్చింది. వరద తీశాక నది పాయల మధ్య లంకల్లో ఎప్పుడూ ఉండే గొడవే వచ్చింది. నది ఒక చోట కోసుకుపోతుంది, ఇంకో చోట మేట వేస్తుంది. కొత్తగా పడ్డ ఒండ్రు నేల ఎవరిదని రెండు ఊళ్ల వాళ్లు కొట్టుకున్నారు. ఆ కొట్లాటలో తుపాకీ పేలింది. అప్పారావు అనే రైతుకి తొడలో గాయమైంది. కాల్చింది అవతలి ఊరి నూకరాజు అని ఇద్దరు చెప్పారు.

నూకరాజు పడవ నడిపేవాడు, వలలు వేసేవాడు. నలభై దాటిన మనిషి. పోలీసులు వాళ్ల తాటాకింటిని సోదా చేస్తే, వాసాల మీద పాత వలలో చుట్టిన ఒక పొడుగాటి తుపాకీ దొరికింది. హత్యాయత్నం ఒక కేసు, లైసెన్సు లేని తుపాకీ దాచినందుకు ఆయుధాల చట్టం కింద ఇంకో కేసు పెట్టి, రాజమండ్రి సెంట్రల్ జైలుకి రిమాండ్ మీద పంపారు.

తుపాకీ గోనెలో చుట్టి, లక్క సీలు వేసి నా బల్ల మీదికొచ్చింది. చీటీ మీద '303 రైఫిల్' అని ఉంది. విప్పి చూడగానే 303 కాదని తెలిసింది. ట్రిగ్గర్ వెనక కింది వైపు ఒక పొడవాటి లివర్ ఉంది. దాన్ని కిందికి నొక్కితే పైన మూత లోపలికి దిగి తూటా పెట్టే చోటు తెరుచుకుంటుంది. ఒక్కొక్క తూటా చేత్తో పెట్టి కాల్చే రకం. విక్టోరియా రాణి కాలంలో తెల్ల సైన్యం మోసిన మార్టినీ రైఫిల్. పక్కన కిరీటం, దాని కింద రాణి పేరు పొడి అక్షరాలు ఉన్నాయి. సంవత్సరం అంకెలు తుప్పు తినేసింది.

నాలుగో రోజు సి.ఐ. గారు వచ్చారు. చార్జిషీటు వేసే తొందరలో ఉన్నారు.

"303 తూటా దీనిలో పడుతుందా?" అన్నారు.

"పడుతుందండి. బిందెలో చెంబు పడ్డట్టు పడుతుంది."

"పేలుద్దా?"

"పేలితే ముందు కాల్చినవాడు పోతాడండి."

"నిన్నెవడు కాల్చమన్నాడయ్యా. పనిచేస్తుందని ఒక ముక్క రాసివ్వు. మిగతావాళ్లంతా అలాగే రాస్తారు."

ఆయన అన్నది నిజం. చాలామంది అలాగే రాసేవాళ్లు. లివర్ కదిలింది, సూది కొట్టుకుంది కాబట్టి పనిచేస్తుంది అని. నేను వీలుకాదన్నాను. అసలు తూటా దొరికితే కాల్చి చూసి రాస్తాను, దొరక్కపోతే పరీక్షించలేకపోయానని రాస్తాను అన్నాను. ఆయన విసుక్కుని, నెల టైమిచ్చి వెళ్లిపోయారు. నెల కాస్తా రెండయింది.

చట్టంలో ఒక మాట ఉంది. పాతబడిపోయిన రకం ఆయుధమై, ఇక ఎలా బాగుచేసినా వాడటానికి వీల్లేనిదైతే దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం కాదు. అంటే ఈ తుపాకీ పేలుతుందా లేదా అన్నదాని మీదే ఆయుధాల చట్టం కేసు నిలబడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే వెతకడం మొదలెట్టాను.

గంధకం అచ్చు

పాత తుపాకీని గుర్తుపట్టడం సగం పని, దాని తూటా ఏదో తేల్చడం మిగతా సగం. ఇలాంటి మార్టినీలకి మన దేశంలో గొట్టాలు మార్చారు, నున్నగా తొలిచారు, చిన్నవి వేశారు. పైన కిరీటం ఒకటే, లోపల నాలుగు రకాలు. అందుకని అచ్చు తీశాను. గంధకం కరిగించి తూటా కూర్చునే చోట పోస్తే, చల్లారాక పసుపుపచ్చటి అచ్చు ఊడి వస్తుంది. బొటనవేలంత లావుగా మొదలై, భుజం దగ్గర సన్నబడి, పెన్సిలుకి రెండింతల మెడతో వచ్చింది. గొట్టం నుంచి సీసం బిళ్ల నెట్టి గాడులు లెక్కపెట్టాను. ఏడున్నాయి. గొట్టం మార్చలేదు. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఇంతవరకూ సంతోషమే. ఒక పాత వస్తువు పేరు తేలినప్పుడు కలిగే సంతోషం ఈ పనిలో ఎప్పుడో గానీ దొరకదు. ఆ అచ్చుని దూదిలో చుట్టి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బాలో పెట్టుకుని తిరిగాను.

రాజమండ్రిలో, కాకినాడలో, ఏలూరులో లైసెన్సు తుపాకుల షాపులన్నీ తిరిగాను. ఒక షాపు పెద్దాయన అచ్చు చేతిలో పట్టుకుని, "దీని తూటా నేను మా నాన్న చేతిలో చూశానండి, అదీ కాయితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకునేవారు" అన్నారు. ఫ్యాక్టరీలో ఎప్పుడో మానేశారు. విజయవాడ వెళ్లాను, లేదు. హైదరాబాదు ఫోరెన్సిక్ లాబ్‌కి ఉత్తరం రాస్తే, అటువంటి తూటా నిల్వ లేదని జవాబొచ్చింది. పాత సామాను షాపుల్లో ఇత్తడి తొడుగులు చూపించారు, అన్నీ వేరేవి. ఇలా ఆరు వారాలు. పోలీసు జీపు, పోలీసు ఉత్తరాలు, పోలీసు ఫోను, వెనకాల ఆయుధాలు తెలిసిన మనిషి. ఇన్ని ఉండి కూడా దొరకలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను ఆ రోజు పెట్టుకోలేదు.

నూకరాజు చెప్పిన జాడ

చివరికి జైలుకి వెళ్లాను. తుపాకీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తూటా కూడా అక్కడ ఉండొచ్చని. కోర్టు అనుమతి తీసుకుని, దర్యాప్తు చేసే ఎస్.ఐ.తో కలిసి కూర్చున్నాను.

నూకరాజు సన్నటి మనిషి. నిలబడే మాట్లాడతానన్నాడు. బలవంతాన కూర్చోబెట్టాం.

"నేను తుపాకీ డాక్టర్ లాంటివాణ్ణి" అన్నాను. "కాల్చావో లేదో నేను అడగను. ఆ తుపాకీ నీకెలా వచ్చిందో చెప్తావా?"

"మా తాతదండి. మా తాత రాజుగారి పడవ నడిపేవాడంటండి. పట్టిసీమ దాటి పైకి, కొండల్లోకి వేటకెళ్లేవారంట. ముసలాడయ్యాక ఇది ఇచ్చేశారంటండి. గుర్తుగా పెట్టుకోమని."

"ఏ రాజుగారు?"

చెప్పాడు. ద్రాక్షారామం అవతల ఒక ఊరు, ఒక పాత జమీందారీ ఇంటిపేరు.

"మీ ఇంట్లో దీని తూటాలు ఎప్పుడన్నా ఉన్నాయా?"

"ఎరగనండి. మా నాన్న దాన్ని దించేవాడే కాదు. దసరాకి కిందకి దించి, బొట్టు పెట్టి మళ్లీ పైన పెట్టేవారు."

తర్వాత తనే అడిగాడు. "తూటా దొరికితే ఏమవుద్దండి?"

అప్పారావు తొడలోంచి డాక్టర్లు తీసిన ముక్క ఒకటి కేసులో ఉందని, దీని గుండుతో పోల్చి చూస్తే నువ్వు కాల్చింది కాదని తేలొచ్చని చెప్పాను. అది నిజమే. రెండో కేసు సంగతి చెప్పలేదు. చెప్పకూడదని కాదు. నాకు ఆ క్షణంలో తోచనే లేదు. నా మనసంతా తూటా మీద ఉంది.

"అయితే తప్పకుండా వెతకండి బాబూ" అన్నాడు. లేచి దణ్ణం పెట్టాడు. "అమ్మగారు ఇంకా ఉంటే ఆవిడకి తెలుస్తాదండి. మా తాత పేరు చెప్పండి. సింహాద్రి అని."

సీతాయమ్మ గారి డబ్బా

అమ్మగారు ఉన్నారు. సీతాయమ్మ గారికి అప్పటికి ఎనభై దాటుంటాయి. పెద్ద ఇంట్లో సగం ధాన్యం మిల్లు వాళ్లకి గోడౌన్ కింద ఇచ్చేసి, రెండు గదుల్లో ఉంటున్నారు. పోలీసు జీపు చూసి కంగారు పడలేదు.

"తుపాకులన్నీ ఎప్పుడో అప్పజెప్పేశామండి. ఇంకా ఏంటి?" అన్నారు.

నేను గంధకం అచ్చు తీసి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి నవ్వారు.

"ఇది మా మామగారి ముసలి తుపాకీ. మావారు దీన్ని గాడిద అనేవారు. భుజాన్ని తన్నుతుందని. ఎవరి దగ్గరుంది ఇప్పుడు?"

"సింహాద్రి మనవడి దగ్గరండి."

"పడవ సింహాద్రి మనవడా? బాగున్నాడా?"

జైల్లో ఉన్నాడని చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. తర్వాత పనిమనిషిని పిలిచి, మంచం కింద ఉన్న ట్రంకుపెట్టె లాగించారు. అందులో బట్టల అడుగున ఒక పాత బిస్కెట్ల డబ్బా. డబ్బాలో గుర్రపు జీను బొత్తాలు, తాళంచెవులు, వాటి మధ్య నూనెగుడ్డలో చుట్టిన ఐదు తూటాలు. పల్చటి ఇత్తడి రేకు చుట్టి చేసిన పాతకాలపు తొడుగులు, ముందు కాగితం చుట్టిన సీసం గుండ్లు. ఒకటి తీసి నా అచ్చు పక్కన పెట్టి చూశాను. అమ్మ పక్కన పిల్లలా సరిపోయింది.

నలభై ఐదేళ్ల మనిషిని, చిన్నపిల్లాడిలా ఐదింటినీ మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను.

"ఇవి ఇస్తే ఆ అబ్బాయికి మేలు జరుగుతుందాండి?" అన్నారు ఆవిడ.

"జరుగుతుందమ్మా" అన్నాను.

అవి ఆవిడ దగ్గర ఉండకూడనివే. నాతో వచ్చిన ఎస్.ఐ. మంచివాడు కాబట్టి, ఆవిడే పిలిచి అప్పజెప్పినట్టు రాసుకున్నాడు. ఆవిడ సంతకం పెడుతూ, సింహాద్రి ఎంత బాగా ఈదేవాడో చెప్పారు.

నాలుగో తూటా

మెట్టలో మా ఫైరింగ్ రేంజి ఉంది. రైఫిల్‌ని ఇనప స్టాండుకి బిగించి, ట్రిగ్గర్‌కి తాడు కట్టి, ఇసుక బస్తాల వెనక కూర్చుని లాగాను. మొదటి తూటా పేలలేదు. అరగంట ఆగి, తీసి పక్కన పెట్టాం. రెండోది పేలలేదు. మూడోదీ లేదు. ఎస్.ఐ. వాచీ చూసుకున్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే, అక్కడ ఆపేయొచ్చు. మూడు తూటాలూ పేలలేదని రాసిస్తే అబద్ధం కాదు. నాకు ఆ ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. వెంటనే వెంకన్న గుర్తొచ్చాడు. సగం చూసి రాసిన మనిషిని నేను ఒకసారి అయ్యాను, మళ్లీ అవనని అనుకున్నాను. నాలుగోది పెట్టి తాడు లాగాను.

పేలింది. రేంజి అంతా తెల్లటి పొగ. స్టాండు వెనక్కి జరిగింది. ఎదురుగా కట్టిన తడి గోనెల కట్ట విప్పుకుంటూ పోతే చివర్లో గుండు దొరికింది. నా బొటనవేలి కొసంత సీసం ముద్ద. అప్పారావు తొడలోంచి తీసింది శనగగింజంత ఇనప ముక్క. నాటు తుపాకీలో మేకులు నరికి పోస్తారే, అది. ఈ రైఫిల్ గుండు తగిలి ఉంటే అప్పారావుకి తొడ ఉండేది కాదు. తర్వాత హైదరాబాదు లాబ్ వాళ్లు కూడా అదే రాశారు.

నేను రిపోర్టు రాశాను. రైఫిల్ పేరు, రకం, కొలతలు రాశాను. అప్పారావుకి తగిలిన ముక్క ఈ రైఫిల్ నుంచి వచ్చింది కాదు అని రాశాను. చివర్లో, కాల్చి చూశాను, రైఫిల్ పనిచేసే స్థితిలో ఉంది అని ఒక ముక్క. నా ఉద్యోగంలో అంత శుభ్రమైన రిపోర్టు ఇంకోటి రాయలేదు. సి.ఐ. గారికి మొదటి సగం నచ్చలేదు, రెండో సగం నచ్చింది.

కోర్టులో

సాక్ష్యానికి పిలిచే సరికి ఏడాది దాటింది. నూకరాజు అప్పటికి బెయిల్ మీద బయటున్నాడు. అతని తరపు వకీలు కుర్రవాడు, ఊళ్లో వాళ్లు చందాలేసుకుని పెట్టుకున్నారు. నా రిపోర్టు మొదటి సగం అతనికి దొరికిన వరం. గుండు సైజు గురించి నాచేత పది రకాలుగా చెప్పించాడు. ప్రభుత్వ వకీలు మళ్లీ లేచి రెండే ప్రశ్నలు వేశారు.

"రైఫిల్ పనిచేస్తుందా?"

"పనిచేస్తుందండి."

"కాల్చి చూశారా?"

"చూశానండి."

కుర్ర వకీలుకి మళ్లీ అవకాశమిచ్చారు. ఆ తూటా మీకెలా దొరికింది అని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. ఇంకేం లేవండి అన్నాడు. నేను బోను దిగాను.

హత్యాయత్నం కేసు కొట్టేశారు. అప్పారావుని నిజంగా ఎవరు కాల్చారో ఈనాటికీ తేలలేదు, ఆ తర్వాత ఎవరూ వెతకలేదు. లైసెన్సు లేకుండా పనిచేసే రైఫిల్ ఇంట్లో ఉంచుకున్నందుకు మాత్రం నూకరాజుకి ఏడాది శిక్ష పడింది. వరండాలో అతని భార్య మంగ నా దగ్గరికి వచ్చింది.

"కేసు పోయిందన్నారు కదండి. మళ్లీ ఎక్కడికి తీసుకెళ్తన్నారు?" అంది.

ఒక కేసు పోయింది, ఇంకోటి ఉందని చెప్పాను. ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి నేనూ ఆగలేదు. బస్సు టైమైందని వచ్చేశాను.

ర్యాంపు దగ్గర

నాలుగైదేళ్ల తర్వాత మా తోడల్లుడి ఊరికి వెళ్తూ రేవు దగ్గర ఆగాను. పక్కన నదిలో ఇసుక తవ్వి లారీలకెత్తే ర్యాంపు. లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. తట్టలు మోస్తున్న వాళ్లలోంచి ఒకతను నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. జుట్టు నెరిసిపోయింది. గొంతు విన్నాక గుర్తుపట్టాను.

"బాగున్నావా నూకరాజూ?"

"ఆయ్, బాగానే ఉన్నామండి. తమరు?"

పడవ ఏమైందని అడిగాను. లోపలున్న ఏడాదీ ఒడ్డున ఎండకి ఎండి, వానకి తడిసి చీకిపోయిందన్నాడు. మేట నేల అవతలి వాళ్లు సాగుచేసుకుంటున్నారట. ఇవన్నీ వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

"నామీద కోపముందా?" అన్నాను.

"తమరి మీదెందుకండి. తమరు చెప్పబట్టే కదండి ఆ పెద్ద కేసు పోయింది." నది వైపు చూస్తూ అన్నాడు. "ఒకటే అనుకుంటానండి. అది పేలుద్దని మాకు తెలీదండి. మా నాన్నకీ తెలీదు. తమరు తూటా తెచ్చేదాకా అది మా ఇంట్లో ఇనప కర్రేనండి."

అప్పుడు తెలిసింది నాకు, ఏం రాయలేదో. పోలీసు జీపు వేసుకుని, రెండు నెలలు, మూడు జిల్లాలు తిరిగితే ఒక ముసలావిడ ట్రంకుపెట్టెలో ఐదు దొరికాయని, వాటిలో మూడు పేలలేదని, పడవ నడుపుకునే మనిషికి ఈ జన్మలో ఆ తూటా దొరికే దారి లేదని ఆ రిపోర్టులో ఒక్క ముక్క లేదు. తూటా దొరికిన సంగతి రాశాను, దొరకని సంగతి రాయలేదు. ఆ దారి చూపించింది కూడా ఆ మనిషేనని రాయలేదు. చూసిందంతా రాశాననుకున్నాను. నా తిరుగుడు నా కష్టం అనుకున్నానే గానీ, అది అతని తరపు సాక్ష్యమని అనుకోలేదు.

ఈ పనిలోకి వస్తున్న వాళ్లకి నేను చెప్పగలిగింది ఇదే. పనిచేస్తుంది అని రాస్తే, దాన్ని పనిచేయించడానికి మీరేం చేయాల్సొచ్చిందో కూడా రాయండి. కాగితంలో దానికి గడి ఉండదు. కింద ఖాళీ ఉంటే అక్కడ రాయండి. పై అధికారి కొట్టేస్తే కొట్టేయనివ్వండి. రాస్తే ఏం జరుగుతుందో నేను హామీ ఇవ్వలేను. ఆ రోజు నూకరాజుకీ ఇవ్వలేకపోయాను.

జరిగినదంతా అతనికి అక్కడే నిలబడి చెప్పాను. తూటా కోసం ఎంత తిరిగానో, అది రిపోర్టులో రాయలేదని, రాయాల్సిందని. అతను తట్ట చంకలో పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"రాస్తే వదిలేసేవారాండి?" అన్నాడు.

"తెలీదు నూకరాజూ. జడ్జి గారు ఆలోచించేవారేమో."

"మరి రాయలేదేమండి?"

"ఎవరూ అడగలేదు" అన్నాను.

అతను తలూపాడు. అంతకంటే మంచి కారణం దొరుకుతుందేమోనని కాసేపు చూసినట్టున్నాడు. తర్వాత లారీ డ్రైవర్ హారన్ కొడితే, "వస్తానండి" అని చెప్పి ఇసుకలోకి దిగిపోయాడు.